బ్యాటరీ చచ్చిందా, ఎవరైనా చంపారా?

(మల్కాజిగిరిలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కుదించి రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి ఈ మెట్ల మీద కూర్చోండి, పర్వాలేదు. నేను 31 ఏళ్లు ఐటీఐలో మోటార్ మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పాను. వాళ్లకు అటెండెన్స్ కావాలి కాబట్టి కూర్చునేవాళ్లు. మీరెందుకు కూర్చున్నారో నాకు తెలుసు. నోటీసు కింద టీ, సమోసా అని రాశారు. (నవ్వులు)

బండి బ్యాటరీ మీద మాట్లాడమని సెక్రటరీ గారు అడగడానికి కారణం మొన్న మంగళవారం మన సెల్లార్‌లో జరిగిన ముచ్చట. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం దిగాను. రెండో అంతస్తు అబ్బాయి ర్యాంపు మీద బండిని పైకి తోస్తున్నాడు. ఇంటర్వ్యూకి వేసుకున్న తెల్లచొక్కా వీపుకి అతుక్కుపోయింది. "బ్యాటరీ పోయింది సార్, సెల్ఫ్ పడట్లేదు, ఈ బండికి కిక్కర్ కూడా లేదు" అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే కుడిచేతి వైపు ఎర్ర స్విచ్, కిల్ స్విచ్, ఆఫ్‌లో ఉంది. సాయంత్రం పిల్లలు బండెక్కి ఆడుకుని ఉంటారు. దాన్ని ఇటు నొక్కాను, అతను బటన్ నొక్కాడు, బండి లేచింది. అయితే అప్పటికే ఫోన్లో కొత్త బ్యాటరీకి ఆర్డర్ పెట్టేశాడట. పేరు చెప్పను. ఇక్కడే ఉన్నాడు. (నవ్వులు)

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, బండి లేవకపోతే మనకు దొరికేది బ్యాటరీయే. కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, సైడ్ స్టాండ్ వేసి గేర్లో ఉన్నా, స్కూటర్‌కి బ్రేక్ పట్టుకోకుండా బటన్ నొక్కినా, నింద దానికే. అందుకే ముందు ఒక పని చెయ్యండి. తాళం తిప్పి హారన్ కొట్టండి. హారన్ గట్టిగా మోగిందా, బ్యాటరీ జోలికి పోకండి, స్విచ్చులు చూడండి. జలుబు చేసినట్టు మూలిగిందా, బటన్ నొక్కితే సీటు కింద సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్, రిలే, టకటకటక అని కొట్టుకుంటోందా, అప్పుడు బ్యాటరీ వీక్. అసలు ఏ లైటూ వెలగకుండా చీకటిగా ఉందా, అప్పుడు కూడా వెంటనే కొత్తది కొనకండి. ఫ్యూజు పోయి ఉండొచ్చు. లేదంటే టెర్మినల్ బోల్టు వదులై ఉండొచ్చు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగి ఆ బోల్టు లూజవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు తిప్పితే అయిపోయే పని.

దుత్త, అంటే చిన్న కుండ, అన్నాను కదా, మాట వరసకి అనలేదు. బ్యాటరీ అంటే నిజంగా కుండే. కరెంటు పుట్టేది దాంట్లో కాదు. ఇంజన్ తిరుగుతుంటే మ్యాగ్నెట్ దగ్గర కాయిల్లో పుడుతుంది, రెక్టిఫయర్ దాన్ని చక్కదిద్ది పంపిస్తుంది, బ్యాటరీ దాచిపెట్టుకుంటుంది. పొద్దున్నే బండి లేపడానికి అందులోంచి ఒక చెంబుడు తీసుకుంటాం, ఆఫీసుకెళ్లే దారిలో ఇంజన్ మళ్లీ నింపుతుంది. కుండ ఖాళీ అయిందంటే కారణాలు మూడే: నింపేవాడు నింపట్లేదు, ఎక్కడో చిల్లి ఉంది, లేదా కుండే పాతబడిపోయింది. కొత్త కుండ కొంటే తీరేది మూడోది ఒక్కటే. మొదటి రెండూ ఉండగా ఎన్ని కుండలు కొన్నా గంగలో పోసినట్టే.

లోపల ఏముందో ఒక్క నిమిషం చెబుతాను. సీసం పలకలు, పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోఁ ప్లాంటే అనే ఆయన చేసిన పద్ధతే. ఇవాళ తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే బ్యాటరీలోనూ ఆ సీసమే, ఆ యాసిడే. పైన ఒకటే డబ్బాలా కనబడినా లోపల ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు. ఆరు కలిస్తే 12.6. ఈ అంకె గుర్తు పెట్టుకోండి. 12 వోల్టుల బ్యాటరీ అంటాం కానీ మీటర్లో సరిగ్గా 12 చూపించిందంటే అది పావు కుండ మాత్రమే.

మీటర్ అంటే ఇది, వోల్టులు కొలిచే మల్టీమీటర్. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. చొక్కా కంటే చవక. సెక్రటరీ గారి బండి లోపలికి తెచ్చి పెట్టాం కదా, చూద్దాం. సీటు తీశాను. ముల్లు డీసీ 20 మీద పెట్టాను. ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి. ఎంతుంది బాబూ, గట్టిగా చదువు.

(ముందు వరసలోంచి: 12.38.)

12.38. ముప్పావు కుండ కంటే కాస్త తక్కువ. పర్వాలేదనిపిస్తుంది కదా? ఇక్కడే చాలామంది మోసపోతారు. ఊరికే కూర్చున్నప్పుడు ఎవరైనా ఆరోగ్యంగానే కనబడతారు. మెట్లెక్కిస్తే తెలుస్తుంది. ఇప్పుడు సెల్ఫ్ కొడతాను, ఆ రెండు సెకన్లలో ఎంతకి పడిపోతుందో చూడు.

(8.7 సార్.)

విన్నారా? చిన్న బండి స్టార్టర్ మోటారైనా ఆ క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది. ఆ బరువు మీద కూడా మంచి బ్యాటరీ తొమ్మిదిన్నర, పదికి పైన నిలబడుతుంది. ఇది 8.7కి జారింది. బండి లేచింది కానీ ఆయాసపడుతూ లేచింది. సెక్రటరీ గారూ, ఎన్నేళ్లయింది వేయించి? మూడున్నర? మరి దాని తప్పేం లేదు. డిసెంబర్ చలి వరకు లాగదు, ఇప్పుడే చెబుతున్నాను.

ఇంకో అంకె ఉంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున తీసి, ఓ గంట ఆగి చూస్తే 10.5 దగ్గరే ఉంటే? ఆరు గదుల్లో ఒకటి పోయింది, అయిదు మిగిలాయి. అయిదు రెళ్లు పది, పైన అర. అలాంటిదాన్ని చార్జ్ చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు, బాగుచేశామని చెప్పేవాళ్లూ ఉన్నారు. నమ్మకండి.

కొలవడం ఎప్పుడూ పొద్దున్నే, బండి తీయకముందు. ఇంటికి రాగానే కొలిస్తే అప్పుడే తిని లేచినవాడి పొట్ట చూసినట్టుంటుంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. నా బండి సెల్లార్‌లో కవర్ కప్పుకుని అలాగే ఉండిపోయింది. జూన్‌లో తీస్తే చప్పుడు లేదు. సరే, నెలల తరబడి ఖాళీగా ఉంచితే ఏ బ్యాటరీ అయినా పోతుంది. పలకల మీద సీసపు సల్ఫేట్ పేరుకుని, రాయిలా గట్టిపడుతుంది. మర్నాటి కల్లా చార్జ్ చేస్తే కరుగుతుంది, నెలలు గడిస్తే కరగదు. సల్ఫేషన్ అంటారు. కాబట్టి కొత్తది కొన్నాను, ఇందులో సిగ్గు లేదు.

ఆ కొత్తది నాలుగు నెలల్లో పోయింది. షాపతను మంచివాడు, వారంటీలో మార్చి ఇచ్చాడు. అదీ మూడో నెలలో పోయింది. "మీ టైం బాలేదు సార్" అన్నాడు. నేను కంపెనీని తిట్టుకున్నాను, షాపును తిట్టుకున్నాను. ఇంతలో ఒకరోజు మా ఆవిడ నా ప్యాంటు తీసుకొచ్చి చూపించింది. మోకాలి పక్కన వరసగా చిన్న చిన్న చిల్లులు. ఇవేమిటి అంది. ఆ చిల్లులు చూడగానే నా తలలో లైటు వెలిగింది. యాసిడ్! కిందికెళ్లి సైడ్ ప్యానెల్ విప్పాను. బ్యాటరీ డబ్బా రెండు పక్కలా గర్భిణిలా ఉబ్బిపోయి ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. బండి లేపి, రేస్ ఇచ్చి మీటర్ పెట్టాను. 15.9 వోల్టులు.

రేస్ ఇచ్చినప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. పదిహేను దాటిందంటే రెక్టిఫయర్ అడ్డూ అదుపూ లేకుండా కరెంటు తోసేస్తోందన్నమాట. నేను కొన్న ప్రతి కొత్త బ్యాటరీనీ నా బండే ఉడకబెట్టి చంపింది. పుత్లీబౌలికి వెళ్లి రెక్టిఫయర్ తెచ్చి బిగించాను, ఆ తర్వాత వేసిన బ్యాటరీ నాలుగేళ్లు దాటినా నడిచింది. మా ఆవిడ అడిగింది ఒక్కటే మాట: "31 ఏళ్లు ఆ పిల్లలకు ఏం చెప్పారండీ?" (నవ్వులు, చప్పట్లు)

అదే పరీక్షలో రేస్ ఇచ్చినా అంకె 12.4 దగ్గరే కదలకుండా ఉంటే రోగం ఇంకో రకం. నింపేవాడు నిద్రపోతున్నాడు. కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, రెక్టిఫయర్ పోయి ఉండొచ్చు. వీటన్నిటి కంటే ముందు ఆ రెండింటి మధ్య ప్లాస్టిక్ కనెక్టర్ చూడండి. వేడికి గోధుమరంగుకి తిరిగి కరిగి ఉంటుంది. షాపుకెళ్లి కొత్త బ్యాటరీ వెయ్యమనేటప్పుడు, వేశాక రేస్ ఇచ్చి మీటర్ పెట్టి చూపించు అని అడగండి. నిమిషం పని. అడిగితే తప్ప ఎవరూ చెయ్యరు.

ఇక మన ఊరి సంగతి. బ్యాటరీకి చలి కంటే ఎండ ప్రమాదం. చలిలో బద్ధకిస్తుంది, ఎండలో ఆయుష్షు తగ్గుతుంది. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా లెక్క. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, ఆఫీసు బయట రేకు షెడ్డు కూడా లేని పార్కింగ్‌లో బండి నిలబడితే సీటు కింద ఎంత ఉడుకుతుందో మీరే ఊహించుకోండి. దానికితోడు మన ప్రయాణాలు. ఇక్కడి నుంచి మెట్టుగూడ మెట్రో దాకా నాలుగైదు కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర ఆపి, మళ్లీ సెల్ఫ్ కొట్టి, మళ్లీ ఆపి. ఐడిల్లో ఇంజన్ పెద్దగా నింపదు. చెంబులతో తోడుతూ, ఉగ్గుగిన్నెతో పోస్తున్నట్టు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. వారానికొకసారైనా బండిని ఓ అరగంట ఆగకుండా నడపండి. ఆదివారం పొద్దున కీసరగుట్ట వెళ్లి దండం పెట్టుకుని రండి, మీకూ మంచిది, బ్యాటరీకీ మంచిది.

చిల్లి గురించి అన్నాను కదా. ఈమధ్య బండికి జీపీఎస్ పెట్టిస్తున్నారు, దొంగల భయానికి. మంచిదే. కానీ అది తాళం తీసేసినా కరెంటు తాగుతూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లే అనుకోండి. రోజుకి 24 గంటలు, అంటే దాదాపు అర ఆంపియర్ అవర్. ఆంపియర్ అవర్ అంటే కుండలో ఎంత పడుతుందో చెప్పే కొలత. మీ బండి బ్యాటరీ 5 ఆంపియర్ అవర్ది అయితే పది రోజుల్లో ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి బండి లేవట్లేదంటే ఆశ్చర్యం ఏముంది? వారం కంటే ఎక్కువ ఊరెళ్తుంటే మైనస్ వైరు విప్పేసి వెళ్లండి. తాళం ఆన్‌లో మర్చిపోతే మాత్రం రోజులు అక్కర్లేదు. 35 వాట్ల బల్బు వెలుగుతుంటే మూడు ఆంపియర్లు పోతాయి, రెండు గంటల్లోపే పని అయిపోతుంది.

రోడ్డు మీద ఆగిపోతే ఏం చేయాలి, అదే కదా మీకు కావాల్సింది. బటన్ అదేపనిగా నొక్కడం చచ్చిన పామును కొట్టడమే. మిగిలిన చుక్క కూడా పోతుంది. కిక్కర్ ఉంటే కొట్టండి. లేకపోతే తోసి లేపాలి: తాళం ఆన్, రెండో గేర్, క్లచ్ పట్టుకుని పరిగెత్తి, వేగం రాగానే సీట్లో బరువు వేసి క్లచ్ ఠక్కున వదలండి, లేవగానే మళ్లీ పట్టుకోండి. మొదటి గేర్లో చేస్తే చక్రం తిరగకుండా ఈడుస్తుంది. తార్నాక ఫ్లైఓవర్ మీద మధ్యలో కాదు, దిగుడు ఉన్న గల్లీలో చెయ్యండి.

అమ్మాయిలు అడుగుతారు, స్కూటర్ తోస్తే లేస్తుందా అని. లేవదమ్మా. దానికి బెల్టు, దానంతటదే పట్టే క్లచ్. ఇంజన్ తిరిగితే తప్ప ఆ క్లచ్ పట్టదు, కాబట్టి చక్రం తోసినా ఇంజన్ తిరగదు. వెనకాల నుంచి నలుగురు అన్నయ్యలు తోసినా చెమటే మిగులుతుంది. కిక్కర్ ఉంటే సెంటర్ స్టాండ్ వేసి కొట్టండి, అంతే. ఇంకో సంగతి: 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, అంటే పొగ తగ్గించే నిబంధన, వచ్చాక దాదాపు అన్ని బండ్లూ ఇంజెక్షన్‌వే. అంటే పెట్రోల్‌ని లెక్క చూసి చిమ్మించేది ఒక చిన్న కంప్యూటర్. పెట్రోల్ పంపు కూడా కరెంటుతోనే తిరుగుతుంది. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర జుయ్యిమని చప్పుడు వస్తుంది చూడండి, అదే. ఆ చప్పుడు వినబడితే తోయడం మీద ఆశ ఉంది. హ్యాండిల్ దగ్గర స్పీడోమీటర్ కూడా వెలగలేదంటే మారేడ్‌పల్లి దాకా తోసినా లేవదు. పాత కార్బొరేటర్ బండ్లలో చాలావాటికి ఈ గొడవ లేదు. మా నాన్న బండి ఆరు నెలలు బ్యాటరీ వీక్‌గానే నడిచింది, ఆయనకు తెలియనే తెలియదు.

కారు బ్యాటరీ నుంచి జంపర్ వైర్లతో కరెంటు అరువు తెచ్చుకుని కూడా బండి లేపొచ్చు. కారు ఇంజన్ ఆపి ఉంచాలి, ఇది మాత్రం మరవద్దు. ఎర్ర వైరు బండి ప్లస్‌కి, రెండో కొస కారు ప్లస్‌కి. నల్ల వైరు కారు మైనస్‌కి, చివరి కొస బండి ఇంజన్ మీద ఏదైనా రంగు లేని ఇనుము మీద, బ్యాటరీకి దూరంగా. చివర్న అంటించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంటుంది, అందుకే దూరంగా అన్నాను. నోట్లో సిగరెట్‌తో బ్యాటరీ మీదికి వంగే మెకానిక్‌ను చూస్తే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. ఎందుకంటే బండి చాసిస్, అంటే ఫ్రేము, మొత్తం మైనస్‌కే కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే చేతిలో పానా పొరపాటున ఫ్రేముకి తగిలిందా, వెల్డింగ్ అయిపోతుంది. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూత పూసి ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుస పొంగుతుంది, భయపడకండి. ఆరాక బిగించి పైన కాస్త వ్యాజిలిన్ రాయండి.

చార్జింగ్ విషయంలో తొందర పనికిరాదు. బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్‌లో పదో వంతు. 5 ఉంటే అర ఆంపియర్, 9 ఉంటే 0.9. కార్ల షాపులో ఇస్తే పెద్ద చార్జర్‌కి తగిలించి గంటలో ఇచ్చేస్తారు. పసిపిల్లకు బిర్యానీ పెట్టినట్టు. మూతలున్న పాతరకం బ్యాటరీ అయితే రెండు గీతల మధ్య నీళ్లుండాలి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు పోశారంటే, మన బోరు నీళ్లు బకెట్‌కే తెల్లగా పట్టేస్తాయి, పలకలను వదులుతాయా? యాసిడ్ కూడా పోయొద్దు. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు.

కొత్తది కొనేటప్పుడు యాసిడ్ విడిగా పోసే రకమైతే, పోసిన వెంటనే బండికి వేయించుకోకండి. అరగంట నాననిచ్చి, మొదటి చార్జింగ్ చేసి ఇవ్వమనండి. అలా చెయ్యకపోతే అది ఎప్పటికీ పూర్తి సత్తాకి రాదు. ఖాళీ లేదు, రేపు రా అంటారు. రేపే వెళ్లండి. పాతది షాపులోనే ఇచ్చెయ్యండి, ధరలో తగ్గిస్తారు, అది వాళ్ల దయ కాదు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారుచేసేవాళ్లదేనని 2022 బ్యాటరీ వేస్ట్ రూల్స్ చెబుతున్నాయి. బరువులో సగానికి పైగా సీసమే కదా, దానికి విలువుంది. తోపుడుబండి పాతసామాన్ల వాళ్లకు మాత్రం వేయకండి. ఎక్కడో గల్లీలో పగలగొట్టి యాసిడ్ మోరీలో పోసి, సీసం కట్టెలపొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది పక్కింటి పిల్లలు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ అడగండమ్మా.

(ఒకావిడ: సార్, బ్యాటరీ తీసేసి, తోసి లేపి, వారం రోజులు అలా నడుపుకోవచ్చా? జీతం పడేదాకా.)

పాత బండి అయితే బల్బులు పోతాయేమో కానీ నడిచేది. ఇంజెక్షన్ బండి అయితే వద్దమ్మా. బ్యాటరీ కరెంటు ఎగుడుదిగుళ్లు మింగేస్తూ ఉంటుంది. అది లేకపోతే ఆ దెబ్బ నేరుగా ఈసీయూ మీద, అంటే ఇంజన్‌ని నడిపించే ఆ కంప్యూటర్ మీద, పడుతుంది. బ్యాటరీ డబ్బులు మిగిల్చబోయి ఈసీయూ కొనాల్సి వస్తుంది, దాని ధర అడిగితే మీ జీతం ఏడుస్తుంది. ఏ బండి మీది? ఎర్ర స్కూటరా, గేటు పక్కన ఉన్నది? ఎన్నేళ్లయింది? రెండేళ్లేనా? రెండేళ్లకే పోయిందంటే నాకు అనుమానమే. తాళం ఇవ్వండి, మీటర్ చేతిలోనే ఉంది. సమోసాలు ఆరిపోతే ఆరిపోనీ, చూసొద్దాం పదండి.